తెనాలి సాహితీ సమితి, మన శనివారం సమితి

సంచికకు ఏదైనా రాయమని అడిగిన మిత్రులు, నేను ఇంజినీరును కాబట్టి కొత్త తరగతి గదుల నిర్మాణం గురించి రాస్తాననుకున్నారట. ఆ లెక్కలన్నీ సంఘం నివేదికలో ఎలాగూ ఉంటాయి. ఏ నివేదికలోనూ లేని సంగతి మరొకటి ఉంది. 1970ల చివర, 80ల మొదట్లో మన బళ్లో ప్రతి శనివారం ఆఖరి గంట కొట్టాక శనివారం సమితి అని ఒకటి జరిగేది. హాజరు పట్టీల్లో దాని పేరు లేదు. ఇన్‌స్పెక్షన్ రిపోర్టుల్లో లేదు. నేను 1978 నుంచి పదో తరగతి పూర్తయిన 1982 దాకా అందులో ఉన్నాను.

దాని కథ మాత్రం మన ఊళ్లో మొదలుకాలేదు. మన తెలుగు మాస్టారు ‘సమితి’ అన్న పేరు ఊరికే పెట్టలేదు. ఆయన చదువుకున్నది తెనాలిలో. అంతకు అరవై ఏళ్ల ముందు ఆ ఊళ్లో నడిచిన సాహితీ సమితి ముచ్చట్లు పెద్దల నోట విని, ఆ పేరు మనకు తెచ్చారు. కాబట్టి ముందు తెనాలి వెళ్లి రావాలి.

1920 ప్రాంతంలో తల్లావజ్ఝుల శివశంకరశాస్త్రి గారు తెనాలిలో సాహితీ సమితిని కూడగట్టారు. ఆయన కవి, పండితుడు. కథాసరిత్సాగరాన్ని తెలుగు చేసినవారు. తరువాతి కాలంలో సన్యసించి శివశంకర స్వామి అయ్యారు. సమితికి ఆయన సభాపతి. సాహిత్యలోకంలో ఆ మాట ఆయనకు రెండో పేరైపోయింది. ఆయన చుట్టూ చేరినవాళ్ల పేర్లు చెబితే మన తెలుగు వాచకం విషయసూచిక చదివినట్టుంటుంది. విశ్వనాథ సత్యనారాయణ, దేవులపల్లి కృష్ణశాస్త్రి, ఎంకి పాటల నండూరి సుబ్బారావు, నాయని సుబ్బారావు, వేదుల సత్యనారాయణశాస్త్రి, చింతా దీక్షితులు, మునిమాణిక్యం నరసింహారావు, నోరి నరసింహశాస్త్రి, అడివి బాపిరాజు. సమితికి ‘సాహితి’ అనే పత్రిక కూడా ఉండేది.

వీళ్లలో చాలామంది అప్పటికి పాతికేళ్లు అటూఇటూ వయసువాళ్లు. కలంతో బతుకుదామని వచ్చినవాళ్లు కారు. నోరి వారు రేపల్లెలో వకీలు. మునిమాణిక్యం వారు బడిపంతులు. బాపిరాజు గారు చిత్రకారుడు. ఎవరి అన్నం వాళ్లు ఎక్కడో సంపాదించుకుంటూనే రాతపని చేశారు. ఇంజినీరుద్యోగం చేసుకుంటూ అడపాదడపా రాసుకునే నాలాంటివాడికి ఇది కాస్త ఊరట కలిగించే విషయం. తెనాలి రైలు కూడలి కావడం కూడా కలిసొచ్చి ఉంటుందని నా అనుమానం. మద్రాసు మెయిన్ లైను మీద ఉన్న ఊరు, గుంటూరు వైపు ఒక దారి, రేపల్లె వైపు ఇంకొకటి. సాహిత్య చరిత్రలు రాసేవాళ్లు రైల్వే టైంటేబుల్‌కు ఇవ్వాల్సినంత విలువ ఇవ్వరు.

ఇంతమందికి ఇలా ఒకచోట చేరవలసిన అవసరం ఏమొచ్చింది? రాసింది వినేవాళ్లు కావాలి. అప్పటి పండిత సభలు ఈ కొత్త కవిత్వాన్ని మెచ్చే రకం కాదు. భావకవిత్వం మీద బయట ఎంత గట్టి దాడి జరిగిందో తెలియాలంటే అక్కిరాజు ఉమాకాంతం గారి ‘నేటికాలపు కవిత్వం’ చూస్తే చాలు. 1928లో వచ్చింది. మొహమాటం లేని పుస్తకం. పల్లె యాసలో పాట కట్టినవాడికి, ప్రేయసి మీద ఖండకావ్యం రాసినవాడికి ముందు సొంత మనుషులు నలుగురు కావాలి. ఆ నలుగురూ చప్పట్లు కొట్టేవాళ్లే అయితే మళ్లీ లాభం లేదు.

సమితిలో నాకు నచ్చే విషయం సభ్యుల పొంతన లేనితనం. విశ్వనాథ వారిది ఒక దారి, కృష్ణశాస్త్రి గారిది దానికి దాదాపు ఎదురు దారి. ఒకరు ఎంకిని పాడుతుంటే ఇంకొకరు కాంతం కథలతో నవ్వించారు. మనలాగా రాయనివాడి చెవిన పడితేనే మన రాత బలమెంతో తెలుస్తుంది. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీ బహుమతిని ‘వేయిపడగలు’, ‘నారాయణరావు’ పంచుకున్నాయి. ఒకటి విశ్వనాథ వారిది, ఒకటి బాపిరాజు గారిది. ఒకే గోష్ఠి నుంచి వచ్చిన ఈ రెండు నవలలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవండి, నేను చెప్పేది అర్థమవుతుంది. అలాగని సమితిలో అంతా సవ్యమేనని నేననను. సభాపతి అంటూ ఒకరున్న చోట అందరూ ఆయన చెవికి నచ్చేలా రాసే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. వాళ్లు ఎవరి గొంతుతో వాళ్లు మిగిలారంటే సభాపతి గొప్పతనం కొంత, వాళ్ల మొండితనం కొంత.

ఇదే తెనాలిలో 1943 ఫిబ్రవరి 13, 14 తేదీల్లో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది. తాపీ ధర్మారావు గారు అధ్యక్షులు. అది యుద్ధకాలం. అక్కడ ప్రశ్న మారింది. ఈ రచన ఎలా ఉంది అని కాక, ఈ రచన ఎవరి కోసం అని అడిగారు. తెలుగు సాహిత్యానికి ఆ ప్రశ్న చేసిన మేలు చిన్నది కాదు. కానీ దాన్ని మహాసభలో తీర్మానం పెట్టి అడగవచ్చు. మూడో వాక్యం ఎందుకు కుంటుతోందో అడగాలంటే మాత్రం ఒక గదిలో పదిమందికి మించి ఉండకూడదు.

పాత స్నేహితుల సంచిక కనుక ఇంకో మాట. గురజాడ అప్పారావు గారు, గిడుగు రామమూర్తి గారు విజయనగరంలో ఒకే బడిలో చదువుకున్న సహాధ్యాయులు. వాడుకభాష కోసం పెద్దయ్యాక ఆ ఇద్దరూ ఒక పక్షాన నిలబడి చేసిన పోరాటం అందరికీ తెలుసు. ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. మనం ఇవాళ చదివేది అది కాదు, 1909లో వచ్చిన రెండో కూర్పు. దాదాపు కొత్త నాటకం. అచ్చయి పేరొచ్చిన పుస్తకాన్ని పన్నెండేళ్ల తరువాత విప్పి మళ్లీ కట్టడం ఎంత కష్టమో, కట్టిన వంతెనను విప్పమని ఎవరైనా చెబితే తెలుస్తుంది.

ఇక మన సమితి. సైన్సు ల్యాబులో కూర్చునేవాళ్లం. దాని తాళంచెవి సాయంత్రం దాకా ప్యూను దగ్గర ఉండేది కాబట్టి అక్కడ. మధ్యాహ్నం పదో తరగతి వాళ్లు చేసిన ప్రయోగాల కుళ్లిన గుడ్ల వాసనలోనే మా కవిత్వం సాగేది. క్రమం తప్పకుండా వచ్చేది పన్నెండు మంది దాకా, అందులో అయిదుగురు ఆడపిల్లలు. మాస్టారు మూడు నియమాలు పెట్టారు. రాసినవాళ్లు తమది తాము చదవకూడదు, పక్కవాళ్లు చదవాలి. ఎక్కడ తడబడ్డారో అక్కడ రాసినవాళ్లు గుర్తు పెట్టుకోవాలి. ‘బాగుంది’ అనే మాట ఎవరూ అనకూడదు. ఏ వాక్యం బాగుందో చూపించాలి. అందరూ చెప్పడం అయ్యేదాకా రాసినవాళ్లు నోరు విప్పకూడదు. మూడోది అన్నిటికన్నా కష్టం. నా సీస పద్యాల మీద చర్చ జరుగుతున్నంతసేపూ నేను బల్ల చెక్క గీరుతూ కూర్చునేవాణ్ని. గణాలు సరిపోయేవి. మిగతాదే లేదనేవాళ్లు.

ఆ నియమాల విలువ నాకు ఉద్యోగంలో చేరాక ఇంకా తెలిసింది. మా డ్రాయింగుల కింద మూలన గళ్లుంటాయి. గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. గీసినవాడే సరిచూసినట్టు సంతకం పెట్టకూడదు. ఎవరి తెలివి మీదో అనుమానం ఉండి కాదు. తన గీతలో తను వదిలేసింది తన కంటికి కనపడదు.

1980లో జరిగింది చెప్పాలి. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు పదివేలకు పైగా జనం పోయారు. ఆ మరుసటి ఏడు ఒక పిల్లవాడు కృష్ణ దాటి మేనమామ ఇంటికి వచ్చి మన బళ్లో చేరాడు. తల్లి, చెల్లెలు ఆ రాత్రి పోయారు. మా అందరికీ తెలుసు, ఎవరం ఎత్తేవాళ్లం కాదు. రెండేళ్లు వెనక బెంచీలో మౌనంగా కూర్చున్నవాడు ఒక శనివారం గేయం రాసి తెచ్చాడు. కరాళ మృత్యువు, ప్రళయ తాండవం, రుద్ర ఘోష. అప్పట్లో ఉప్పెన మీద వచ్చిన కవితల్లో వినపడ్డ మాటలన్నీ అందులో ఉన్నాయి. పక్కవాడు చదివాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఏమనగలం? మాస్టారు కూడా కిటికీలోంచి బయటకు చూస్తున్నారు.

పదో తరగతి అక్క ఒకామె అడిగింది. “తమ్ముడూ, నీళ్లు మీ ఇంట్లోకి ఎటువైపు నుంచి వచ్చాయి?”

నియమం ప్రకారం వాడు మాట్లాడకూడదు. మాస్టారు తలూపారు.

“వెనక దొడ్లోంచి అక్కా. మేమంతా ముందు తలుపు నొక్కిపట్టుకుని ఉన్నాం, గాలికి ఊడిపోతుందని.”

“అది ఇందులో లేదు కదా,” అందామె.

అంతే జరిగింది. రెండు వారాలకు వాడు ఒకటిన్నర పేజీ వచనం తెచ్చాడు. అందులో మృత్యువు అన్న మాటే లేదు. ముందు తలుపు ఉంది. నాన్న తుండుగుడ్డతో వాణ్ని తాటిచెట్టుకు కట్టడం ఉంది. తెల్లారాక చెట్టు మీద నుంచి చూస్తే ఊరు ఉండాల్సిన చోట ఏమేం కనపడ్డాయో వరసగా ఉంది. అమ్మ గురించి ఒక్కటే వాక్యం. చదివినవాడు అక్కడ ఆగాడు, తడబడి కాదు. దాని మీద కూడా చర్చ జరిగింది. చివర దేవుణ్ని తిట్టిన వాక్యం తీసేస్తే బాగుంటుందని ముగ్గురు అన్నారు, నేనూ అన్నాను. వాడు ఒప్పుకోలేదు. మాస్టారు, “వాడిష్టం రా. చెప్పడం మీ వంతు, ఉంచుకోవడం వాడి వంతు” అన్నారు. వాక్యం ఉండిపోయింది. అప్పుడు అనవసరం అనిపించిన ఆ వాక్యమే ఇప్పుడు నాకు బాగా గుర్తుంది.

మన వార్షిక సమావేశాల్లో ఎవరు కవిత చదివినా లేచి చప్పట్లు కొడతాం. కొట్టాలి కూడా, అది స్నేహం. కానీ ఆ అక్క అడిగిన ప్రశ్న స్నేహంలో ఇంకో రకం. అది చప్పట్లకన్నా అరుదుగా దొరుకుతుంది. ఆ పిల్లవాడికి పదమూడేళ్ల వయసులో దొరికింది.

సమితి ఏడాదికి రెండుసార్లు లిఖిత పత్రిక తెచ్చేది. ఒకే ప్రతి. లెడ్జరు కాగితాల మీద, చేతిరాత బాగున్న ఇద్దరు అమ్మాయిలు తిరగరాసేవారు. ముఖచిత్రం డ్రాయింగు మాస్టారిది. తెలుగునాట లిఖిత పత్రికలకు ఉండే పద్ధతి ప్రకారం చివర కొన్ని పేజీలు ఖాళీగా వదిలేవాళ్లం, చదివినవాళ్లు అభిప్రాయాలు రాయడానికి. ఇంటింటికీ తిరిగి వచ్చేసరికి ఆ పేజీలు నిండిపోయేవి. ఒక సంచికలో ఎవరి నాన్నగారో మా సంధులన్నీ దిద్ది, మార్కులు కూడా వేసి పంపారు. నూటికి నలభై రెండు.

ఆరేళ్లలో పన్నెండు సంచికలు వచ్చాయి. మాస్టారికి బదిలీ అయ్యాక ఒక ఏడాది లాగి, ఆగిపోయింది. కిందటి వేసవిలో గ్రంథాలయం బీరువా వెతికితే నాలుగు దొరికాయి, ఒకదానికి చెద పట్టింది. మిగతావి ఎప్పుడో వెల్ల వేయించినప్పుడు పాత కాగితాలతో పాటు పోయాయని ఒకరన్నారు. అన్నీ పోయి ఉండవని నా నమ్మకం, ఎందుకంటే ఇళ్లకు తీసుకెళ్లి తిరిగివ్వనివాళ్లు మనలో తక్కువేమీ లేరు.

కథకుడు, విశాఖలో లెక్కల మాస్టారుగా పనిచేసిన కాళీపట్నం రామారావు గారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా దాని ప్రతి ఒకటి అక్కడ ఉండాలన్నది ఆయన పట్టుదల. పాత పత్రికల కోసం ఊళ్లు తిరిగారు. మనం తిరగవలసింది మన ఊళ్లోనే.

నాకు ముఖ్యంగా కావలసింది 1980 డిసెంబరు సంచిక. అట్ట మీద నల్ల సిరాతో గీసిన తాటిచెట్టు ఉంటుంది, పేరు ఎర్ర అక్షరాల్లో. ఉప్పెన వచనం అందులో ఉంది. దాని రచయితను అడిగాను. ఇది రాయడానికి ఒప్పుకున్నాడు, పేరు వద్దన్నాడు. అతని దగ్గరా ప్రతి లేదు. మీ అటకల మీద, అమ్మగారి ట్రంకుపెట్టెల్లో ఒకసారి చూడండి. దొరికితే స్వర్ణోత్సవాల రోజు తీసుకురండి. ఇచ్చేయనక్కరలేదు, పేజీలన్నీ ఫొటోలు తీసుకుని అక్కడికక్కడే తిరిగి ఇస్తాం. కుట్టు ఊడిపోయి ఉన్నా చివరి పేజీలు మాత్రం విడదీయకండి. ఎవరేమన్నారో ఉన్నది వాటి మీదే.