న్యూకాసిలు గనికూలీల ఏడాది ముచ్చలిక

తుండు అను మాట తోటకుటుంబములకు తాతల నుండి వినవచ్చినదే. సింహళద్వీపమున నొక తోటను విడిచి వేరొక తోటకు పోగోరు కూలివానికి మొదటి దొర వ్రాసి యిచ్చు విడుదలచీటియే తుండు. బాకీ తీరినగాని విడుదల కలుగకుండెను. 1921 సంవత్సరమున నది రద్దయ్యెను. ఇట్టి చీటి మనవంటివారికొఱకే కల్పింపబడినదని కొందఱు తలంతురు. అట్లు కాదు. దొరల దేశమందే, ఆ దేశపు కూలీల మెడకే, ఈ త్రాడు తగిలించిన కాల మొకటి కలదు.

ఇంగ్లాండునకు ఈశాన్యమున టైను నదీతీరమున న్యూకాసిలు పట్టణమున్నది. చుట్టునున్న నార్తంబర్లండు, డర్హము మండలముల గనులనుండి బొగ్గు ఓడలమీద లండనునకు పోవుచుండెను. అచ్చటి గనికూలి ఏటేట నొక ముచ్చలికకు కట్టుబడవలెను. గనియొద్ద అందఱు గుమిగూడగా నొకడు దానిని చదివి వినిపించును. అక్షరము రానివారు ఇంటు గుర్తు పెట్టుదురు. సంచకారముగా కొద్దిపాటి సొమ్ము ముట్టును. కాపురమునకు ఇల్లును గనివారే యిత్తురు. అటుపిమ్మట ఏడాదిలోపల పని విడిచి పోయినవానిని న్యాయాధిపతి చెఱసాలకు పంపవచ్చును.

ఇది కఠినమే. అయినను ఆ రాజ్యమందే ఉత్తరముననున్న స్కాట్లండులో ఇంతకంటె కఠినముగా నుండెను. 1606వ సంవత్సరపు చట్టము ననుసరించి పాత యజమానుని చీటి లేనిదే బొగ్గుగని కూలివానిని మఱియొకడు పనిలో చేర్చుకొనరాదు. క్రమక్రమముగా వాడు ఆయుష్కాలమంతయు ఆ గనికే అంటియుండువాడయ్యెను. గనిని అమ్మినప్పుడు వాడును గనితోకూడ కొన్నవాని వశమగుచుండెను. బిడ్డకు బాప్తిస్మమిచ్చు దినమున యజమానుడు తండ్రికి కానుక యిచ్చి, ఆ బిడ్డనుకూడ గనికి కట్టివేయు ఆచారముండెను.

అర్థశాస్త్రజ్ఞుడగు ఆడం స్మిత్తు 1763 ప్రాంతమున గ్లాస్గో విద్యార్థులకు చెప్పిన పాఠములలో నొక సంగతి కలదు. స్కాట్లండు గనికూలికి దినమునకు రెండున్నర షిల్లింగులు వచ్చుచుండగా, న్యూకాసిలు కూలికి ఇంచుమించు ఒక్క షిల్లింగే. అయినను అక్కడివారు ఇక్కడికి పారిపోయి వచ్చుచుండిరట. సగముకంటె తక్కువ కూలికి ఎవడైన పరుగెత్తునా? ఏడాది ముగిసిన పిమ్మట తన కాళ్లు తనవి యను నొక్క ఆశకొఱకే వారు పరుగెత్తిరి. స్కాట్లండు గనికూలీలను కొంతవఱకు 1775లోను, పూర్తిగా 1799లోను చట్టము విడిపించెను.

న్యూకాసిలు యజమానులకు ఆ స్కాట్లండు చీటి రుచించినట్లున్నది. 1765లో వారు కూడబలుకుకొని, పాత గనివారి విడుదలచీటి లేనివానిని ఎవరును పెట్టుకొనరాదని నిశ్చయించిరి. చీటి ఈయకున్నచో ఏడాది కట్టు బ్రతుకంతటి కట్టగునని కూలీలు వెంటనే గ్రహించిరి. వేలకొలది జనులు పని మానిరి. కొందఱు గనిత్రాళ్లను కోసి బొగ్గునకు నిప్పుపెట్టిరి. ఆ పని నేను మెచ్చను. సేనలును వచ్చెను. తుదకు యజమానులే తగ్గిరి.

కూలివానికి ఏటికొక్కసారి బేరమాడు దినమైన మిగిలెను. అది ఎంతటి దినమో 1804లో తెలిసెను. యుద్ధకాలమగుటచే మనుష్యులకు కొఱత కలిగి, సంచకారము టైను తీరమున 12 మొదలు 14 గినీలకును, దక్షిణముననున్న వేరు నదీతీరమున 18 గినీలకును ఎగసెను. పిమ్మట యజమానులు ఒకటై దానిని దించిరి. ఆ బేరపు దినమునే అక్టోబరునుండి మార్చ జూచినప్పుడు 1810లో పెద్ద సమ్మె జరిగెను. డర్హము చెఱసాల నిండిపోగా పట్టుబడినవారిని బిషపుగారి గుఱ్ఱపుసాలలో నుంచిరి. చివరకు ఏప్రిలు 5వ తేది నిర్ణయమయ్యెను.

ఎనిమిదవ ఏటనే గనిలో దిగిన తామసు హెప్‌బర్ను 1831లో వీరిని సంఘముగా కూర్చి, పిల్లల పనిదినమును 12 గంటలకు తగ్గింపజేసెను. మరుసటి యేటనే సంఘము విఱిగెను. ఎవరును పని ఈయనందున అతడు ఇల్లిల్లు తిరిగి తేయాకు అమ్ముకొనెను. ఆ తేయాకు అప్పటికింకను చీనా దేశపుదే. 1844లో ముచ్చలికలు ముగిసిన దినమున మరల సమ్మె కట్టిరి. నాలుగు నెలలకు పైగా నిలిచిరి. గనివారు కుటుంబములను ఇండ్లనుండి వెడలగొట్టగా, మంచములు పెట్టెలతో త్రోవప్రక్కల నుండిరి. లండండెఱ్ఱీ ప్రభువు తన ఐర్లండు భూములనుండి మనుష్యులను దెప్పించి గనులలో దింపెను. సమ్మెవారికి అరువీయరాదని సీహాము వర్తకులను హెచ్చరించెను. ఆకలిచే సమ్మె ముగిసెను.

అటుతరువాత టైనునకు ఉత్తరమున ఏడాది కట్టు ముందుగా సడలెను. దక్షిణమున డర్హములో మాత్రము నిలిచెను. 1869లో వేర్‌మౌతు గనివారు ముచ్చలిక మీఱిరని కొందఱిపై వ్యాజ్యము తేగా, రాబర్ట్సు అను న్యాయవాది కూలీల పక్షమున వాదించెను. ఆ యేటనే డర్హము గనికూలీల సంఘము పుట్టి, 1872లో యజమానులతో మాటలాడి ఏడాది ముచ్చలికను మాన్పించెను. అయినను ఇల్లు గనివారిదే. పని విడిచిన నాడు ఇల్లును విడువవలసినదే.