ఆంధ్ర రాష్ట్ర బిల్లు, రాజ్యసభలో అంబేద్కర్: శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఒక పరిశీలన

ఆంధ్ర రాష్ట్ర అవతరణ గురించి మన పాఠ్యపుస్తకాలు చెప్పే కథ అందరికీ కంఠతా వచ్చు. 1952 అక్టోబర్ 19న పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరాహారదీక్షకు కూర్చున్నాడు. డిసెంబర్ 15న చనిపోయాడు. నాలుగు రోజులకు నెహ్రూ ప్రకటన వచ్చింది. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా, ప్రకాశం ముఖ్యమంత్రిగా రాష్ట్రం ఏర్పడింది. కథ ఇంతే. ఇదే శ్రీరాములు 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని నిరాహారదీక్ష చేశాడన్న సంగతిని ఈ కథ చెప్పేవాళ్లు తలుచుకోరు. అట్లాగే 1953 సెప్టెంబర్ 2న రాజ్యసభలో ఈ రాష్ట్ర బిల్లు మీద జరిగిన చర్చనూ తలుచుకోరు. కొత్త రాష్ట్రం ఎవరి చేతుల్లోకి పోతుంది, అందులో చిన్న కులాల గతేమిటి అని ఆ రోజు సూటిగా అడిగినవాడు అంబేద్కర్.

అప్పటికి ఆయన ఎగువ సభకు కొత్త సభ్యుడే. 1951 సెప్టెంబర్‌లో హిందూ కోడ్ బిల్లు మీద మంత్రి పదవి వదులుకున్నాడు. 1952 సాధారణ ఎన్నికల్లో బొంబాయి ఉత్తర నియోజకవర్గంలో ఓడిపోయాడు. అది ఇద్దరు సభ్యుల స్థానం. రిజర్వు సీటును కాంగ్రెస్ అభ్యర్థి కజ్రోల్కర్ గెలిచాడు. రాజ్యాంగ ముసాయిదా సంఘం అధ్యక్షుణ్ణి ఈ దేశపు ఓటర్లు లోక్‌సభకు పంపలేదు. 1954లో భండారా ఉప ఎన్నికలోనూ అదే జరిగింది. 1952 ఏప్రిల్‌లో బొంబాయి రాష్ట్ర శాసనసభ్యులు ఆయన్ను రాజ్యసభకు ఎన్నుకున్నారు. 1956 డిసెంబర్ 6న చనిపోయేదాకా ఆ సభలోనే ఉన్నాడు. పెద్దల సభ అంటే జమీందార్లకూ, ఓడిపోయిన నాయకులకూ విశ్రాంతి మందిరం అని మనవాళ్లు ఎగతాళి చేస్తుంటారు. ఎగతాళిలో నిజం లేకపోలేదు. కానీ మెజారిటీ ఓటు గెంటేసిన మనిషి, మెజారిటీ ఓటు గురించే మాట్లాడటానికి మిగిలిన ఒకే ఒక్క చోటు అప్పుడు అదే.

ఆ రోజు ప్రసంగంలో ఆయన మొదట ప్రభుత్వాన్ని ఉతికి ఆరేశాడు. భాషారాష్ట్రాల విషయంలో ప్రభుత్వానికి ఒక మాట మీద నిలబడే అలవాటు లేదన్నాడు. ఒప్పుకున్న సూత్రాన్ని అమలు చేయించుకోవడానికి ఒక మనిషి ప్రాణం ఇవ్వాల్సి వస్తే, ఇంకో దేశంలో అయితే జనం ఆ ప్రభుత్వాన్నే బతకనిచ్చేవాళ్లు కాదేమో అన్న అర్థంలో మాట్లాడాడు. ఆంధ్రుల కోరికకు ఆయన అడ్డుపడ్డాడని ప్రచారం చేసేవాళ్లు ఈ ముక్కను చదివి ఉండరు.

అసలు విషయం ఆ తర్వాత వచ్చింది. భాష పేరుతో రాష్ట్రం గీస్తే ఆ గీత లోపల ఒకటో రెండో పెద్ద కులాల పెత్తనం స్థిరపడుతుంది. మద్రాసు రాష్ట్రంలో నాలుగు భాషలవాళ్లు కలిసి ఉన్నప్పుడు ఏ కులానికీ పూర్తి పట్టు చిక్కలేదు. కొత్త రాష్ట్రంలో చిక్కుతుంది. మరి చిన్న కులాలకు రక్షణ ఏది? గవర్నర్‌కు ఆ బాధ్యత, దానికి సరిపడా అధికారం ఇవ్వండి అన్నాడు అంబేద్కర్. ఇదేమీ గాలిలోంచి తెచ్చిన ఆలోచన కాదు. 1935 చట్టం 52వ సెక్షన్‌లో మైనారిటీల న్యాయమైన ప్రయోజనాలను కాపాడటం గవర్నర్ ప్రత్యేక బాధ్యతల్లో ఒకటి. ఆ అధికారాలను వాడబోమని హామీ ఇస్తేనే మంత్రివర్గాలు ఏర్పాటు చేస్తామని 1937లో కాంగ్రెస్ పట్టుబట్టింది. ఆ సంప్రదాయమే రాజ్యాంగంలోకి వచ్చింది, గవర్నర్ ఉత్సవ విగ్రహం అయ్యాడు.

హోంమంత్రి కైలాస్‌నాథ్ కట్జూ ఊరుకుంటాడా? ఆ రాజ్యాంగం రాసింది మీరే గదా అని దెప్పాడు. అంబేద్కర్‌కు కోపం వచ్చింది. తాను కిరాయి రాతగాణ్ణి మాత్రమే, చెప్పిన పని తన ఇష్టానికి వ్యతిరేకంగా కూడా చేశానన్నాడు. ఆ రాజ్యాంగాన్ని తగలబెట్టాల్సి వస్తే మొదటివాణ్ణి నేనే అవుతానన్నాడు. ఆ మాట ఆంధ్ర రాష్ట్ర బిల్లు చర్చలో వచ్చిందని మనలో ఎంతమందికి తెలుసు? ఇవాళ రిజర్వేషన్ల వ్యతిరేకులు అదే మాటను ముక్కగా కోసి, చూశారా ఆయనకే ఇష్టం లేదు అని చూపిస్తుంటారు. ఆ కోపానికి కారణం మాత్రం చెప్పరు. పెద్ద కులాల పెత్తనం నుంచి చిన్న కులాలను కాపాడే ఏర్పాటు అడిగితే రాజ్యాంగాన్నే అడ్డం పెట్టారు. కోపం అందుకు. 1955 మార్చి 19న నాలుగో సవరణ చర్చలో ఒక సభ్యుడు ఆ మాట గుర్తుచేసినప్పుడు అంబేద్కర్ వివరణ కూడా ఇచ్చాడు: దేవుడి కోసం కట్టిన గుడిలో దేవుడు అడుగుపెట్టకముందే దయ్యం చేరితే ఆ గుడిని ఏం చేస్తాం అని.

ఇక మన వైపు చూద్దాం. 1953 ఆంధ్ర రాష్ట్రంలో 11 జిల్లాలు. శ్రీకాకుళం అందులో వయసులో చిన్నది, 1950 ఆగస్టు 15న విశాఖపట్నం నుంచి విడిపోయింది. విజయనగరం జిల్లా అప్పటికి లేదు. అది 1979 జూన్ 1న వచ్చింది. 1955 చివర్లో అంబేద్కర్ భాషారాష్ట్రాల మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. జబ్బుపడి పార్లమెంటు చర్చలో పాల్గొనలేకపోయానని ముందుమాటలో చెప్పుకున్నాడు. అంటే అది సభలో చేయలేకపోయిన ప్రసంగం అన్నమాట. అందులో ఆంధ్రలో భూమి, ఉద్యోగాలు, వ్యాపారం రెడ్లూ కమ్మల చేతుల్లో ఉన్నాయనీ, అంటరానివాళ్లు వాళ్ల మీద ఆధారపడి బతుకుతున్నారనీ రాశాడు.

గుంటూరుకో కడపకో ఇది సరిపోతుంది. శ్రీకాకుళానికి సరిపోదు. ఇక్కడ కమ్మా రెడ్డి జనాభా నామమాత్రం. విజయనగరం, బొబ్బిలి జమీందారీల కింద ఉన్న పల్లెల్లో భూమి దున్నిన రైతు కులాలు తూర్పు కాపులు, కొప్పుల వెలమలు, కాళింగులు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో పట్టాలు దక్కింది వాళ్లలోని రైతులకే. ఆ పొలాల్లో ఏడాదంతా కంబారితనం చేసిన మాల, పైడి, రెల్లి కుటుంబాలకు కంబారితనమే మిగిలింది. ఇంకో చిక్కు ఏమిటంటే, ఈ రైతు కులాలు ఇవాళ వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నాయి. దళిత బహుజన ఐక్యత గురించి 1990ల నుంచి మనం మాట్లాడుకుంటున్న మాటలు ఉత్తరాంధ్ర పల్లెకు వచ్చేసరికి ఎందుకు తడబడతాయో ఇక్కడ తెలుస్తుంది. అంబేద్కర్ పేర్కొన్న కులాల పేర్లు మనకు వర్తించవు. కానీ ఆయన చెప్పిన సూత్రం, అంటే రాజకీయ మెజారిటీ మారుతుంది, పుట్టుకతో వచ్చే మెజారిటీ మారదు అన్నది, పేర్లు మారినా అట్లాగే వర్తిస్తుంది. పైగా ఇక్కడ ఎస్సీ జనాభా రాష్ట్ర సగటు కంటే బాగా తక్కువ. 2011 లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలు సుమారు 17 శాతం అయితే ఈ రెండు జిల్లాల్లో పదో వంతుకు అటూ ఇటూ. ఓట్ల లెక్కలో బెదిరించే బలం కూడా లేనివాళ్లు.

2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు మాలలను నరికి చంపారు. దాడి చేసినవాళ్లు తూర్పు కాపులు. తగాదా మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం సేకరించి, మునగకుండా మిగిలిపోయిన భూమి దగ్గర. దళితులు దాన్ని సాగు చేసుకోవడం గిట్టలేదు. కారంచేడు (1985), చుండూరు (1991) కోస్తా ధనిక రైతాంగపు జబ్బు, మా వైపు అట్లాంటివి జరగవు అని అప్పటిదాకా చెప్పుకున్న పెద్దమనుషులున్నారు. వంగర అప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా.

గవర్నర్‌కు అధికారం ఇచ్చి ఉంటే ఇవన్నీ ఆగేవా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మనకు దూరం పోనక్కర్లేదు, అదే జిల్లాలో కొండ ఎక్కితే చాలు. మైదానంలో దళితుల కోసం అంబేద్కర్ అడిగి పొందలేనిదానికి దగ్గరి ఏర్పాటు ఏజెన్సీ ఆదివాసులకు ఐదో షెడ్యూలు రూపంలో ఉంది. గిరిజనేతరులకు భూమి పోకుండా గవర్నర్ నేరుగా రెగ్యులేషన్ జారీ చేయొచ్చు. సవరల, జాతాపుల భూముల కోసం 1917 నాటి ఏజెన్సీ చట్టం ముందే ఉంది. 1959లో 1వ నంబర్ రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని అమలు చేయడానికి కావలసిన నిబంధనలు రావడానికి 1969 దాకా పట్టింది. ఈ పదేళ్లలో షావుకార్లు ఊరుకున్నారా? 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లు గిరిజన సంఘం సభకు వెళుతున్న ఇద్దరు గిరిజనులను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. అక్కడినుంచి శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటం సాయుధ రూపం తీసుకుంది. గిరిజనేతరుల మధ్య కూడా భూమి మారకూడదన్న 1970 నాటి 1వ నంబర్ రెగ్యులేషన్ ఆ పోరాటం రగులుతున్నప్పుడు వచ్చింది. అధికారం కాగితం మీద ఉంది. కదిలించింది మాత్రం అడవిలో పేలిన తుపాకి. అయినా నా ఉద్దేశంలో దీనివల్ల అంబేద్కర్ వాదం వీగిపోదు. 1970 రెగ్యులేషన్ ఉంది కాబట్టే ఆదివాసి ఇవాళ కోర్టు మెట్లెక్కి నా భూమి అనగలుగుతున్నాడు. లక్ష్మీపేట మాలలకు ఆ పాటి కాగితం కూడా లేకపోయింది.

1954 సెప్టెంబర్‌లో అస్పృశ్యత నేరాల బిల్లు రాజ్యసభకు వచ్చినప్పుడు ఆయన ముందు దాని పేరు మీదే పేచీ పెట్టాడు. అది పౌరహక్కుల రక్షణ చట్టంగా ఉండాలన్నాడు. అంటరానితనం మీద చట్టం అంటే పై కులాలు దయతో మానుకోవాల్సిన దురలవాటులాగా ఉంటుంది. పౌరహక్కు అంటే మనది. 1955లో మాత్రం పాత పేరుతోనే చట్టం అయింది, కోర్టు అనుమతితో నేరాలకు రాజీ పడే వెసులుబాటు కూడా ఉండిపోయింది. బుగత దగ్గర కంబారి ఉన్న ఊళ్లో రాజీ అంటే ఏమిటో వేరే చెప్పాలా! 1976లో ఆ వెసులుబాటు తీసేసి, పౌరహక్కుల రక్షణ చట్టం అని పేరు మార్చారు. ఆయన అడిగిన 22 ఏళ్లకు, చనిపోయిన 20 ఏళ్లకు.

ఇప్పుడు పార్వతీపురం సంగతి. 1955 పుస్తకంలో అంబేద్కర్ మైనారిటీల రక్షణకు ఇంకో మార్గం చెప్పాడు. ఇద్దరు ముగ్గురు సభ్యులుండే నియోజకవర్గాలు పెట్టి, ఓటరు తనకున్న ఓట్లన్నీ కావాలంటే ఒక్కరికే వేసుకునే వీలు ఇవ్వాలని. మొదటి రెండు సాధారణ ఎన్నికల్లో కొన్ని చోట్ల ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలు ఉండేవి గానీ ఓట్లు ఒకరికే గుమ్మరించే వీలు లేదు. దాంతో రిజర్వు సీటులో ఎవరు గెలవాలో కూడా మిగతా కులాల ఓటే తేల్చేది. బొంబాయిలో అంబేద్కర్‌ను దెబ్బతీసింది ఈ పద్ధతే.

1957లో అదే పద్ధతి పార్వతీపురంలో తిరగబడింది. అక్కడ ఒకటి జనరల్ సీటు, ఒకటి ఎస్టీ రిజర్వు. కేంద్ర కార్మిక మంత్రిగా చేసిన వి. వి. గిరి పోటీలో ఉన్నాడు. అందరికంటే ఎక్కువ ఓట్లు బిడ్డిక సత్యనారాయణకు, ఆ తర్వాత డిప్పల సూరి దొరకు వచ్చాయి. ఇద్దరూ ఆదివాసులే. రిజర్వు సీటు మొదటాయనకు పోగా, జనరల్ సీటు సూరి దొరకు దక్కింది. గిరి 565 ఓట్ల తేడాతో మూడో స్థానంలో నిలిచాడు.

గిరి కోర్టుకు వెళ్లాడు. రెండు వాదాలు. ఎస్టీగా నామినేషన్ వేసినవాడు జనరల్ సీటుకు పనికిరాడన్నది ఒకటి. సూరి దొర అసలు ఎస్టీయే కాదు, క్షత్రియుడైపోయాడన్నది రెండోది. కుటుంబ పత్రాల్లో క్షత్రియ అని రాసుకోవడం, పై కులాల ఆచారాలు పాటించడం సాక్ష్యాలుగా చూపించారు. ఆదివాసి అయితే జనరల్ సీటుకు తగడు, తగితే ఆదివాసి కాడు! 1959లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఈ రెండింటినీ తోసిపుచ్చింది. రిజర్వేషన్ కనీసం ఇంత ఉండాలన్న హామీయే గానీ ఇంతకు మించకూడదన్న గోడ కాదని తేల్చింది. తనంతట తాను పై కులం పేరు పెట్టుకున్నంత మాత్రాన కులం మారదనీ, చుట్టూ ఉన్నవాళ్లు ఒప్పుకోవాలనీ చెప్పింది. కుల వ్యవస్థ గురించి మన సంస్కర్తలు ఒప్పుకోని నిజాన్ని న్యాయమూర్తులు తీర్పులో రాసిపెట్టారు.

రెండేళ్లు తిరక్కుండానే, 1961లో పార్లమెంటు ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను రద్దుచేస్తూ చట్టం చేసింది. ఓటరుకు గందరగోళం, నియోజకవర్గం మరీ పెద్దది అని కారణాలు చెప్పారు. అవి కొంత నిజమే కావచ్చు. కానీ పదేళ్లపాటు కనబడని గందరగోళం, జనరల్ సీట్లలోకి దళితులూ ఆదివాసులూ రావడం మొదలయ్యాక కనబడింది. అంబేద్కర్ అడిగిన ఓటు పద్ధతి చర్చకే రాలేదు. అప్పటికి రాజ్యసభలో ఆ మాట ఎత్తడానికి ఆయన లేడు. 1962లో పార్వతీపురం ఒక్క సభ్యుడి ఎస్టీ రిజర్వు స్థానంగా ఎన్నికకు వెళ్లింది, సత్యనారాయణ గెలిచాడు. గిరి గవర్నర్ పదవుల మీదుగా 1967లో ఉపరాష్ట్రపతి అయ్యాడు. ఆ హోదాలో, 1953లో ఆంధ్ర రాష్ట్ర బిల్లు మీద అంబేద్కర్ మాట్లాడిన ఆ సభకే 1969 దాకా అధ్యక్షత వహించాడు.