ఓటరు సిద్ధమే, మరి ఏలినవారు? – నెల్లూరు సీమలో 1952



ఏ దేశంలోనైనా ఎన్నికలు జరుగనున్నాయంటే, ఆ దేశం అందుకు సిద్ధంగా ఉన్నదా లేదా అని తూచి చూసే పెద్దలు నేడు ఎందరో ఉన్నారు. 1951లో మనలనూ అలాగే తూచారు. ఆనాటి జనగణన ప్రకారం మన దేశంలో అక్షరాస్యులు నూటికి పద్ధెనిమిది మంది. 1935 చట్టం ఆస్తి, పన్ను, చదువు చూసి మూడు కోట్ల పైచిలుకు మందికి మాత్రమే ఇచ్చిన ఓటు, ఒక్కసారిగా పదిహేడు కోట్ల మందికి లభించింది. వేలిముద్ర వేసేవారికి వివేచన ఎక్కడిదని చదువుకున్నవారు సందేహించారు.

ఆ ప్రశ్నను అడుగరానివారిని అడిగారని నా అభిప్రాయం. ఓటరుకంటె ముందు సిద్ధపడవలసినవాడు పట్టిక వ్రాసే గుమాస్తా. అతనికంటె మిన్నగా సిద్ధపడవలసినవాడు, ఓడిపోనున్న మంత్రి.

'ఎన్నిక' అన్న మాటకు మూలమైన 'ఎన్ను' ధాతువుకు లెక్కించుట, ఎంచుట అని రెండర్థాలు. లెక్క ముందు, ఎంపిక తరువాత. 1950 మార్చిలో ప్రథమ ప్రధాన ఎన్నికల కమిషనరుగా నియుక్తులైన సుకుమార్ సేన్ పడిన పాట్లలో పెద్ద పాలు ఈ లెక్కదే. ఉత్తరాది రాష్ట్రాలలో లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానావారి భార్య, ఫలానావారి కుమార్తె అని మాత్రమే వ్రాయించుకున్నారు. పేరు లేనిదే ఓటు లేదని, సుమారు ఇరవై ఎనిమిది లక్షల పద్దులను కొట్టివేశారు. కఠినమైన నిర్ణయమే. కాని అందరికీ వంకర లెక్క ఒప్పుకొని ఉంటే, ఆ స్త్రీల పేర్లు ఇంకెన్ని ఎన్నికలదాకా వెలికి వచ్చేవి కావో!

మా నెల్లూరు తీరపు చిక్కు వేరు. పట్టికలో చేరాలంటే నియోజకవర్గంలో నూట ఎనభై రోజులు నివాసముండాలని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం నియమం. చేపల వేటకై చెరువులవెంట, ఉప్పుటేళ్ళవెంట, బకింగ్‌హాం కాలువ గట్లవెంట తిరిగే యానాదికి నివాసమేది? చట్టం అతనిని కాదనలేదు. అతని బ్రతుకు తీరును మాత్రం ఎరుగదు. పులికాట్ సరస్సులోని ఇరకం దీవివారికి ఇళ్ళు ఉన్నవి గాని, అక్కడికి పడవే దారి. పట్టణంలో కూర్చుని దేశపు సంసిద్ధతను కొలిచేవారికి పడవ సరంగు గుర్తుకు రాడు.

నిరక్షరాస్యత మాటకు వస్తే, దానికి ఉపాయం సులువుగానే దొరికింది. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క ఉక్కు పెట్టె. దానిపై గుర్తు – కాంగ్రెసుకు కాడెద్దులు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి, ప్రకాశం పంతులుగారు చేరిన కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీకి గుడిసె. మరుగున ఉంచిన పెట్టెలలో నచ్చినదానిలో కాగితం వేసి రావడమే. ముద్ర వేసే పని లేదు. ఒక లోపం మాత్రం ఉండేది. కాగితాన్ని పెట్టెలో వేయక రొంటిన దోపుకొని వచ్చి, బయట అమ్ముకోవచ్చు! ముద్ర వేసే పద్ధతి తరువాతి కాలంలో వచ్చింది.

1952 జనవరిలో మద్రాసు రాష్ట్రం ఓటు వేసింది. మన జిల్లాలు అప్పుడందులోనివే. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజాగారే ఓడిపోయారు. ఆయన మంత్రివర్గంలోనివారు, మా నెల్లూరు జిల్లా వారు అయిన బెజవాడ గోపాలరెడ్డిగారూ ఓడిపోయారు. నెల్లూరు లోక్‌సభ స్థానంలో గెలిచినది స్వతంత్ర అభ్యర్థి బెజవాడ రామచంద్రారెడ్డిగారు. ఆయన పూర్వం మద్రాసు శాసనమండలికి అధ్యక్షులు. అనగా, ఆస్తిపరుల ఓటు నాటి పెద్దమనిషి. కనుక మా జిల్లా ఓటరు పాతను కూలద్రోసి కొత్తను నిలిపాడని కథ అల్లడం కుదరదు. అధికారంలో ఉన్నవారిని చూసి జంకలేదన్నంతవరకే చెప్పవచ్చు. అదీ తక్కువేమీ కాదు.

ఓటరు పరీక్ష అంతటితో ముగిసింది. ఆపైన జరిగినది ఏలినవారి పరీక్ష. శాసనసభలో 375 స్థానాలకు కాంగ్రెసుకు దక్కినవి 152. ప్రకాశంగారి నాయకత్వాన ఐక్య ప్రజాస్వామ్య కూటమి 166 మంది తమవెంట ఉన్నారని చెప్పుకున్నది. గవర్నరు శ్రీప్రకాశగారు వారిని పిలువలేదు. ఎన్నికలలో నిలువని రాజాజీని శాసనమండలికి నామినేటు చేసి, 1952 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రిని చేశారు. రాజాజీ మేధను శంకించేవాడను కాను. కాని పెట్టెల దగ్గర అంత జాగ్రత్త పడి, రాజభవనం దగ్గర ఇంత చులకన చేయడం నాకు నేటికీ మింగుడుపడదు.

సుకుమార్ సేన్ 1953లో సూడాన్ దేశపు తొలి ఎన్నికలను నిర్వహించే సంఘానికి అధ్యక్షులుగా వెళ్ళారు. ఎన్నికలు జరిగాయి, 1956 జనవరి 1న ఆ దేశం స్వతంత్రమైంది. 1958 నవంబరులో ప్రభుత్వం సైన్యం చేతిలోకి వెళ్ళింది. అక్కడ తప్పినవారూ ఓటర్లు కారు.

ఇక మా గోపాలరెడ్డిగారి సంగతి. ఓడినవారు మూడేళ్ళు ఓపిక పట్టారు. 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రానికి ఎన్నికలు జరుగగా కాంగ్రెసు గెలిచింది. ఆ మార్చి 28న ఆయనే ముఖ్యమంత్రి అయ్యారు.