చావిట్లో బుల్లెట్టు, చేతిలో స్పానరు

బుల్లెట్టుకి కిక్కు కొట్టడం ఒకప్పుడు కృష్ణా డెల్టాలో పెద్దవాళ్లు పిల్లలకి నేర్పిన విద్య. తాళం తిప్పి, హెడ్‌లైటు వెనకున్న ఆమ్‌మీటరు ముల్లు చూడాలి. కిక్కరు మెల్లగా నొక్కుతుంటే ఆ ముల్లు ఒక పక్కకి వాలి, ఒకచోట మళ్లీ నడిమికి వస్తుంది. అక్కడ ఆగాలి. డీకంప్రెషన్ లివరు పట్టుకుని పిస్టన్‌ని ఇంకొంచెం దాటించి, లివరు వదిలి, కిక్కరు పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి ఒక్క తొక్కుడు. వరుస తప్పితే కిక్కరు వెనక్కి తన్నేది. చీలమండ వాచి కుంటుకుంటూ తిరిగినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. ముల్లు నడిమికి వచ్చిందంటే కాంటాక్ట్ పాయింట్లు విడిపడ్డాయని, పిస్టన్ దాదాపు పైకొసకి చేరిందని అర్థం. బండి స్టార్ట్ చేయడం వచ్చినవాడికి ఇంజిను ఎలా నడుస్తుందో సగం తెలిసిపోయేది. మిగతా సగం వానాకాలం నేర్పేది.

1955లో బుల్లెట్టు చేసే ఇంగ్లండు కంపెనీ మద్రాసు మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాని ఏర్పాటు చేసింది. మద్రాసు పక్కనున్న తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో మొదట ఇంగ్లండు నుంచి వచ్చిన భాగాలు బిగించేవారు, కొన్నేళ్లకే అన్నీ అక్కడే తయారుచేయడం మొదలుపెట్టారు. విజయవాడకి మద్రాసు రైల్లో ఒక రాత్రి దూరం. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయి, కృష్ణమ్మ మీద బండ్లు దాటే రోడ్డు వచ్చింది. కాలువల కింద రెండు పంటలు పండించే మోతుబరి రైతు ఎడ్లబండి పక్కనే బుల్లెట్టుని కట్టేసుకున్న కాలం అది. గొడ్ల చావిడే దానికి షెడ్డు. ఆ తర్వాత మైసూరు నుంచి ఐడియల్ జావా వారి జావా వచ్చింది. ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ వచ్చింది, పోలండ్ బండి నమూనా మీద చేసిన 173 సీసీ టూస్ట్రోకు. జావాలో కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా. మొదటిసారి చూసినవాళ్లకి అది వింతే.

ఈ బండ్లని ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎందుకు అలవాటైందో చెప్పాలంటే లైసెన్సుల రాజ్యం గుర్తుచేసుకోవాలి. ఏ ఫ్యాక్టరీ ఏడాదికి ఎన్ని బండ్లు చేయాలో ప్రభుత్వమే చెప్పేది. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ కోసం డబ్బు కట్టి ఏళ్లకి ఏళ్లు ఎదురుచూశారు జనం. అంత కష్టపడి ఇంటికి తెచ్చుకున్న బండిని నాలుగేళ్లకి మార్చేసే ఊహ ఎవరికి వస్తుంది? తండ్రి నడిపిన బండిని కొడుకు నడపాలి. అందుకు బుల్లెట్టు ఎంతో అనువు. పోత ఇనుప సిలిండరున్న ఆ ఇంజిను 2010 ప్రాంతం దాకా పెద్దగా మారలేదు.

రెండో కారణం మన నేల. డెల్టా నల్లమట్టి ఎండలో రాయి, వానలో బంక. కాలువగట్టు మీద నాలుగు ఫర్లాంగులు పోయేసరికి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి కూరుకుపోయి బండి కదలదు. పుల్లతో పొడిచి మట్టి రాల్చుకుంటూ పోవాలి. ముందు మడ్‌గార్డుని ఎత్తు చేసి బిగించుకోవడం, వానాకాలం నాలుగు నెలలూ ఏకంగా తీసి అటక మీద పెట్టేయడం, డెల్టా ఇళ్లలో జరిగిన తొలి మార్పులు ఇవే. సోకు కోసం చేసినవి కావు. బందరు, అవనిగడ్డ, నాగాయలంక వైపు ఉప్పుగాలి ఇంకో రకంగా తినేది. రిమ్ముల మీద మెరుగు పొక్కిపోయేది, సైలెన్సరు అడుగు నుంచి తుప్పు పట్టి చిల్లులు పడేది. నెలకోసారి ఆయిలు గుడ్డతో తుడవని బండికి అక్కడ ఆయుష్షు ఉండదు.

మూడో కారణం దూరం. పెద్దపనికి విజయవాడ వెళ్లాల్సిందే. ఊరి నడుమ రోడ్ల పక్కన చెల్లాచెదురుగా ఉన్న వర్కుషాపులన్నిటినీ ఒకచోటికి చేర్చాలని 1960ల్లో పుట్టింది జవహర్ ఆటోనగర్. లారీలదే అక్కడ పెద్దపీట. మద్రాసు కలకత్తా రోడ్డూ హైదరాబాదు బందరు రోడ్డూ కలిసే ఊరు కాబట్టి లారీ వ్యాపారం ఇక్కడ వేళ్లూనుకుంది. బాడీ బిల్డింగు, లేతు పని, క్రాంకు పని, బోరింగు, రేడియేటర్లు, కట్టపట్టీలు, ఏది కావాలన్నా ఆటోనగరే. ఆసియాలోనే పెద్దదని విజయవాడవాళ్లు నేటికీ గర్వంగా చెప్పుకుంటారు. లారీల కోసం పెరిగిన ఆ పనితనం మోటార్‌సైకిళ్లకీ దక్కింది. సిలిండరు అరిగితే సంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చి, బోరు చేయించి, ఓవర్‌సైజు పిస్టన్ కొనుక్కుని సాయంత్రానికి ఇంటికి చేరేవారు. పది, ఇరవై, ముప్పై, నలభై అని లెక్క. అంగుళంలో వెయ్యో వంతులవి. నలభై దాటితే కొత్త స్లీవు వేయించాలి. సిలిండరు దించడం, తిరిగి ఎక్కించడం మాత్రం ఇంట్లోనే. ఈ పంపకం నాకు చాలా ముచ్చటగా అనిపిస్తుంది: మిషను చేయాల్సింది మిషనుకి, చెయ్యి చేయాల్సింది చేతికి.

చేతిపనులేమిటో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇవి తెలిసినవాళ్లు ఇళ్లలో తగ్గిపోతున్నారు. అన్నిటికంటే ముందు పాయింట్లు. అవి విడిపడినప్పుడు మధ్యలో మిల్లీమీటరులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ ఖాళీ ఉండాలి. కొలవడానికి ఫీలర్ గేజి ఉండాలి. లేనింట్లో పోస్టుకార్డు దూర్చి చూసుకునేవారు. నల్లబడితే సన్న ఎమ్మెరీ కాగితంతో రుద్దాలి. తర్వాత ట్యాపెట్లు. బుల్లెట్టు సిలిండరు పక్కనున్న చిన్న మూత విప్పితే పుష్‌రాడ్లు కనిపిస్తాయి. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ పైకొసన ఉంచి, రాడ్డుని రెండు వేళ్లతో తిప్పితే సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. కొలతబద్ద అక్కర్లేని పని ఇది, వేలికొసలే చెబుతాయి. చైను ఊడదీసి కిరసనాయిల్లో కడిగి, పాత మూకుట్లో గ్రీజు కరిగించి అందులో ముంచి, చల్లారాక తుడిచి ఎక్కించేవారు. క్లచ్చి కేబులు దారిలో తెగితే నడిరోడ్డున నిలబడాలి గనుక, దూరం పోయేవాళ్లు రెండో కేబుల్ని పక్కనే కట్టి ఉంచుకునేవారు.

ప్లగ్గు మాత్రం అన్ని ఇళ్లలోనూ అందరికీ తెలుసు. బెంగళూరు మైకో కంపెనీ పేరు ప్లగ్గుల వల్లే డెల్టా పల్లెలకి చేరింది. విప్పి కొస చూస్తే ఇంజిను ఆరోగ్యం తెలుస్తుంది. లేత గోధుమరంగు ఉంటే మేలు, నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ పోతోంది, తెల్లగా పాలిపోతే గాలి ఎక్కువై ఇంజిను వేడెక్కుతోంది, తడి నూనె మరక ఉంటే రింగులు అరిగాయి. ఇంతటి పరీక్షకి కావలసింది ఒక ప్లగ్గు స్పానరు.

టూస్ట్రోకు బండ్ల సేవ వేరు. ఇంజినుకి వేరే ఆయిలు ఉండదు, పెట్రోల్లోనే కలపాలి. లీటరుకి నలభై యాభై మిల్లీలీటర్లు. తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ, మసి. రాజ్‌దూత్ కొంతకాలం నడిచాక లాగుడు తగ్గిపోయేది. అలసిపోయింది ఇంజిను కాదు, పొగ బయటికి పోయే దారిలో కార్బన్ గడ్డకట్టింది. హెడ్డు విప్పి, పిస్టన్‌ని కిందికి దించి, గీతలు పడకుండా మెత్తని పుల్లతో గీకి తీయాలి. సైలెన్సరు లోపలి బ్యాఫిలు గొట్టాన్ని బయటికి లాగి వరిగడ్డి మంటలో కాల్చి, తట్టి దులిపేవారు. గడ్డికి కొదవ లేని సీమ కదా మనది!

బుల్లెట్టు గురించి ఎంత చెప్పుకున్నా, డెల్టా రోడ్ల చరిత్రలో అసలు నాయకత్వం మోపెడ్‌దే అని నా గట్టి అభిప్రాయం. 1972లో కైనెటిక్ వారి లూనా వచ్చింది. 1980లో హోసూరు నుంచి ఇద్దరు కూర్చోగల టీవీఎస్ 50 వచ్చింది. బడికి వెళ్లే టీచరమ్మలు, పాలవాళ్లు, ఎల్‌ఐసీ ఏజెంట్లు, ఐసుపెట్టె కట్టుకుని వీధులు తిరిగేవాళ్లు బండెక్కింది ఆ తర్వాతే. యాభై సీసీ బండి మీద మోయగల బరువుకి ఫ్యాక్టరీ ఒక హద్దు పెట్టింది. కొల్లేరు అంచున చేపల చెరువులు పెరిగాక ఆ హద్దు నిలవలేదు. వెనక సీటు తీసేసి ఇనుప యాంగిల్‌తో క్యారియర్ వెల్డింగు చేయించారు, చేపల ట్రేలు జారకుండా అంచులు పెట్టించారు. షాకబ్జార్బర్లకి గట్టి స్ప్రింగులు, కూరుకుపోకుండా స్టాండు కింద వెడల్పు రేకు, లాగుడు పెరగడానికి వెనక ఎక్కువ పళ్లున్న స్ప్రాకెట్టు వేయించారు. వేగం తగ్గుతుంది, బరువు కదులుతుంది. వంతెన ఎక్కే చేపల వ్యాపారికి కావలసింది అదే. ఏ ఇంజినీరూ కాగితం మీద గీయని ఈ మార్పులు కైకలూరు, గుడివాడ వెల్డింగు షాపుల్లో పుట్టి ఊరూరా పాకాయి. వీటిని చేసినవాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ లేవు.

గుజరాత్ ఈ విషయంలో మనకంటే మెరుగు. అమ్రేలీ జిల్లా రైతు మన్‌సుఖ్‌భాయ్ జగానీ బుల్లెట్టు వెనక చక్రం తీసేసి, అక్కడ దుక్కి పరికరం బిగించి ‘బుల్లెట్ సాంతి’ తయారుచేస్తే, అది పేటెంటు దాకా వెళ్లింది. మెట్ట పొలానికి పనికొచ్చే యంత్రం అది, మన దమ్ముచేలో దిగితే పైకి రాదు. యంత్రం సంగతి అలా ఉంచితే, పేరు రాసిపెట్టుకోవడం మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే.

1985లో రెండు బండ్లు ఒకేసారి వచ్చి ఈ కథని రెండుగా చీల్చాయి. ఒకటి హీరో హోండా సీడీ 100. ఫోర్‌స్ట్రోకు, లీటరుకి ఎనభై కిలోమీటర్ల మాట, ఆయిలు మార్చుకుంటూ పోతే చాలు. పాయింట్ల గొడవ లేదు. రైతు చేతిలోంచి స్పానరు మెల్లగా జారిపోయింది ఇక్కడే. రెండోది యమహా ఆర్‌ఎక్స్ 100. కుర్రకారుకి స్పానరు అందించింది ఇది. వంద కిలోల బరువుకి పదకొండు హార్స్‌పవర్. పోర్టులు ఆకురాయితో సవరించడం, కార్బొరేటర్‌లో పెద్ద జెట్టు వేయడం, సైలెన్సరు కోయడం విజయవాడ సందుల్లో ఒక వ్యసనమైంది. పొగ నిబంధనలు బిగుసుకున్నాక 1996లో ఆ బండి ఆగిపోయినా మోజు ఆగలేదు.

సైలెన్సరు గురించి ఒక్క మాట సూటిగా చెప్పాలి. టూస్ట్రోకు సైలెన్సరు వట్టి గొట్టం కాదు. పొగతో పాటు బయటికి జారిన పచ్చి పెట్రోలు ఆవిరిని, తిరిగి వచ్చే పీడన తరంగం సిలిండరులోకి నెట్టేలా దాని ఆకారం లెక్క కట్టి చేస్తారు. ఇష్టం వచ్చినట్టు కోస్తే మోత పెరుగుతుంది, బలం చాలాసార్లు తగ్గుతుంది. చట్టం సంగతీ తెలుసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ నమూనాకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ గట్టిగా చెప్పింది. అదే చట్టం వికలాంగుల కోసం పక్కచక్రాలు అమర్చుకునే మార్పుని అనుమతితో చేసుకోనిస్తుంది. బతుకు కోసం చేసే మార్పు వేరు, అర్ధరాత్రి రోగులని లేపే మార్పు వేరు. రెండోదాన్ని సరదా అని సమర్థించడానికి నాకు మనసొప్పదు.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 పొగ నిబంధన వచ్చి, కొత్త బండ్లలో దాదాపు అన్నిటికీ కార్బొరేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షను వచ్చింది. జెట్టు ఊది శుభ్రం చేసుకునే కాలం వాటికి చెల్లింది. అయితే ఇంటిపని పూర్తిగా పోలేదు. ఆయిలు, గాలి ఫిల్టరు, చైను, బ్రేకు షూలు, ప్లగ్గు, టైరు గాలి, కేబుళ్లు నేటికీ ఇంటి ముంగిట చూసుకోగలిగినవే. పాత బండి ఉన్నవాళ్లకి కొత్త పని ఒకటి చేరింది. పెట్రోల్లో ఇప్పుడు ఇథనాల్ ఇరవై శాతం దాకా కలుస్తోంది, అది తేమని పీల్చుకుంటుంది. మన తడిగాలిలో నెలల తరబడి కదలని బండి ట్యాంకులో పెట్రోలు ఉంచకండి, రబ్బరు గొట్టాలు పగుళ్లిస్తున్నాయేమో చూసుకోండి.

ఈ విద్య విలువ 2024 సెప్టెంబరులో విజయవాడకి మళ్లీ తెలిసొచ్చింది. బుడమేరు వాగు గట్లు తెగి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగాయి. అదే రోజుల్లో బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవాహం పోయింది. వీధుల్లో రోజుల తరబడి నిలిచిన నీళ్లలో బైకులు హ్యాండిళ్ల దాకా మునిగి ఉండిపోయాయి. దెబ్బతిన్న ద్విచక్రవాహనానికి ప్రభుత్వం 3,000 రూపాయల సాయం ప్రకటించింది. ఇంజిను విప్పాల్సి వస్తే ఆ డబ్బు ఏ మూలకీ చాలదు. విప్పాల్సిన అవసరం రాకుండా చూసుకోవడం మాత్రం చాలావరకు యజమాని చేతిలోనే ఉంటుంది. నీళ్లు నొక్కితే నలగవు. సిలిండరులో నీళ్లుండగా సెల్ఫు కొడితే పైకి వచ్చే పిస్టన్‌కి దారి దొరక్క కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మునిగిన బండిని స్టార్ట్ చేయబోయి పాడుచేసుకుంటే మామూలు బీమా పాలసీలు ఆ నష్టాన్ని సాధారణంగా భరించవు.

కనుక డెల్టాలో బండి ఉన్న ప్రతి ఇంటికీ ఒక విన్నపం. వానాకాలానికి ముందే ఒక ప్లగ్గు స్పానరు, ఆయిలు బోల్టుకి సరిపడే స్పానరు కొని ఇంట్లో ఉంచండి. మీ బండి ఎప్పుడైనా మునిగితే తాళం తిప్పకండి, కిక్కు కొట్టకండి. కొత్త బండైతే ముందు బ్యాటరీ వైరు తీసేయండి. ప్లగ్గు విప్పి, ఇంజిను మెల్లగా తిప్పి, లోపలి నీళ్లు చిమ్మిపోనివ్వండి. ట్యాంకు, ఉంటే కార్బొరేటరు, ఖాళీ చేయండి. ఆయిలు దించి చూడండి. పాలు కలిపిన టీలా కనిపిస్తే నీళ్లు చేరినట్టే. కొత్తది పోసి, కాసేపు నడిపి, దాన్నీ మార్చండి. ఇంజెక్షను బండి వైర్లు, కనెక్టర్లు మాత్రం మెకానిక్ ఆరబెట్టి చూసేదాకా ముట్టుకోకండి.