ఈనాము, మామూలు, సర్వీసు ఛార్జి

మన వాడుకలో "మామూలు" అను మాట యొకటి కలదు. అరబ్బీ నుండి పారసీక, ఉర్దూ భాషల ద్వారా మనకు సంక్రమించిన ఈ మాటకు మొదటి యర్థము "ఆచరింపబడునది", అనగా అలవాటుగా జరుగునది అని మాత్రమే. అందు దోష మేమియు లేదు. కాని నేడు ఏ పల్లెలోనైనను మామూలనగా నేమని యడిగినచో, "ఈయకున్న పని జరుగనిది" అని తడవుకొనక చెప్పుదురు. ఇష్టపడి యిచ్చినది అలవాటై, అలవాటు హక్కై, హక్కు నిర్బంధమైన కథ యంతయు ఈ యొక్క మాటలో నిమిడియున్నది. నగరములోని భోజనశాలల బిల్లులలో కొంతకాలముగా కనబడుచున్న "సర్వీసు ఛార్జి" యనునది ఆ కథలో నొక క్రొత్త యధ్యాయమని నా యభిప్రాయము. దానినే నేడు పెద్దలకు విన్నవింప దలచితిని.

నేను నివసించు మల్లాపూరు హైదరాబాదునకు తూర్పున, నాచారము, ఉప్పలు ప్రాంతములకు చేరువ నున్నది. మౌలాలి గుట్ట మాకు దగ్గఱ. పూర్వము పల్లె, నేడు కర్మాగారముల పేట. పనివాండ్ర కొఱకు టిఫిను హోటళ్ళు, మెస్సులు, బిరియానీ కొట్లు వీథి వీథికిని కలవు. ఉప్పలు కూడలినుండి తూర్పుగా సాగిపోవు రాజబాట ఓరుగల్లునకు జేర్చును. అన్నము వెలకు పెట్టు ఇండ్ల చరిత్రను వెదకువాడు ఆ బాట పట్టియే పోవలెను. ఏలయన, తెలుగు సాహిత్యములో ప్రసిద్ధి కెక్కిన పూటకూటి యిల్లు ఓరుగంటిలోనిదే.

క్రీడాభిరామ మను వీథినాటకము వినుకొండ వల్లభరాయని పేర నున్నది; అందు శ్రీనాథుని చేయి కలదని పండితులలో కొందఱి వాదము. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి యను నిరువురు మిత్రులు ఓరుగల్లు వీథులలో విహరించుచు చూచిన వింతలు అందలి విషయము. అచట లక్ష్మణవజ్ఝల యింట ఒక్క రూకకు దొరకు భోజన మెట్టిదో కవి వర్ణించినాడు. మేలైన వరియన్నము, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇంతయు నొక రూక. వడ్డించినవాని కింత, విస్తరి యెత్తినవాని కింత యను మాట ఆ పద్యములో లేదు. వండినవారును వడ్డించినవారును ఇంటివారే యగుచో వేరు లెక్క యెందులకు? పూటకూటి యిండ్ల పద్ధతి చాలకాలము అట్లే సాగినది. (కన్యాశుల్కములోని గిరీశమువంటివాడు పూటకూళ్ళమ్మకు పైగా నిచ్చుట యటుండ, సరకులు కొనితెత్తునని యామె యొద్ద ఇరువది రూపాయలు పుచ్చుకొని ఖర్చుచేసికొనెను. అది వేఱు కథ.)

పల్లెలలో సేవకు ప్రతిఫలము రెండు విధములుగా నుండెడిది. కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి మొదలగువారికి కళ్ళములో ధాన్యము కొలుచునపుడే ముట్టునది మేర. అది దయ కాదు. ఏడాది పొడవునను చేసిన పనికి జీతము. పెండ్లి పేరంటములలో, పండుగలలో మనసునకు వచ్చి యిచ్చినది ఈనాము. మేర తగ్గించినచో తగవు వచ్చెడిది. ఈనాము తగ్గినచో తగవు లేదు, ఇచ్చినవాని పేరు కొంచెము తగ్గెడిది. ఈ రెంటికిని నడుమ నున్న గట్టును పెద్దలు గుర్తుంచుకొన వేడెదను. నేను చెప్పదలచిన దంతయు ఆ గట్టును గుఱించియే.

ఆ గట్టు తెగినపు డేమగునో తెలంగాణమువారికి వేఱుగా చెప్ప నక్కఱలేదు. నిజాము దర్బారులో ప్రభువునకు నజరు సమర్పించుట మర్యాద. ఒక అష్రఫీ, నాలుగు రూపాయలు చేతి రుమాలుపై నుంచి చూపుట యాచారము. ప్రభువు దానిని తాకి తిరిగి యిచ్చుట పూర్వపు పద్ధతి. 1911లో గద్దె నెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాను కాలములో నజరు తిరిగి యిచ్చుట మాని పుచ్చుకొనుట యాయెనని పలువురు వ్రాసియున్నారు. పైన దర్బారులో నడచినది క్రింద గ్రామములలోను నడచెను. దేశముఖుల యిండ్ల శుభకార్యములకు రైతులు నజరానాలు తెచ్చుట, అధికారులు విడిది చేసినపుడు కోళ్ళు, నేయి, పాలు ఊరక పంపుట, చేతివృత్తులవారు కూలి లేక పనిచేయుట మామూలైపోయినవి. ఆ వెట్టికి వ్యతిరేకముగా ఆంధ్రజనసంఘమువారును, 1930లో జోగిపేటలో తొలి సభ జరిపిన ఆంధ్రమహాసభవారును పాటుపడిరి. వెట్టిని నిషేధించు ఫర్మానాలు వెలువడినను, వానిని చదివి వినిపింపవలసినవారే వెట్టి చేయించుకొనువారు!

నగరములో హోటళ్ళు పెరుగగా, వడ్డించువాడు ఇంటివాడు గాక జీతగాడాయెను. ఇరానీ హోటలులో చాయి త్రాగి, సాసరులో చిల్లర విడిచి పోవు పద్ధతి యేర్పడినది. పారసీకములో "బఖ్షీదన్" అనగా నిచ్చుట. అందుండి బక్షీసు వచ్చినది. ఆంగ్లేయులు దీనిని టిప్పు అందురు. "త్వరగా పని జరుగుటకై యిచ్చునది" అని అర్థము వచ్చు ఆంగ్లపదముల మొదటి యక్షరములు కలిసి ఆ మాట పుట్టినదని చెప్పుదురు గాని, అది తరువాత కల్పించిన కథయే.

మన యూళ్ళ పెద్దలలో పలువురు కుమారులను, మనుమలను చూడ అమెరికాకు పోయి వచ్చుచున్నారు. అచట భోజనశాలలో బిల్లుపైని నూటికి పదునైదు, ఇరువది చొప్పున పిల్లలు వదలి వచ్చుట చూచి గుండె గుభిల్లుమన్నదని వారు చెప్పుట నేను వినియున్నాను. ఆ యలవాటు వెనుక నున్న చరిత్ర తెలిసినచో ఆ గుభిల్లు మఱొకరీతిగా నుండును. 1865లో అమెరికాలో బానిసత్వము రద్దయిన పిమ్మట, పుల్మను కంపెనీవారు తమ శయన రైలుపెట్టెలలో సేవకై విముక్తులైన నల్లజాతివారిని పెట్టుకొనిరి. జీతము స్వల్పము, మిగిలినది ప్రయాణికుల దయ. అనగా యజమాని యీయవలసిన మేరను బాటసారి ఈనాముగా నిచ్చెను. ఇది తగదని 1909లో వాషింగ్టను రాష్ట్రము టిప్పునే నిషేధించినది. మఱి యైదు రాష్ట్రము లట్లే చేసినవి. 1926 నాటికి ఆ చట్టము లన్నియు రద్దయినవి. రైలు సేవకులు 1925లో ఫిలిప్ రాండాల్ఫు నాయకత్వమున సంఘముగా నేర్పడి, పండ్రెండేండ్లు పోరాడి, 1937లో కంపెనీతో ఒడంబడిక సాధించిరి. భోజనశాలల సేవకుల కా భాగ్యము పట్టలేదు. టిప్పు వచ్చు పనివానికి యజమాని యీయవలసిన కనీస వేతనము, అక్కడి కేంద్ర చట్టము ప్రకారము, గంటకు రెండు డాలర్ల పదమూడు సెంట్లు; 1991 నుండి అది కదలలేదు. టిప్పు కలిసియు సాధారణ కనీస వేతనమునకు తక్కువైనచో ఆ లోటును యజమాని పూరింపవలెను. కాలిఫోర్నియావంటి కొన్ని రాష్ట్రములు మాత్రము పూర్తి వేతన మిప్పించుచున్నవి. కావున అక్కడికి పోయిన పెద్దలు పిల్లల చేయి పట్టుకొని యాపవలదు. ఫ్రాన్సులో నట్లు కాదు. సేవ వెలనుకూడ కలిపియే ధర ప్రకటింపవలెనని 1987 నుండి నియమ మున్నది. జపానులో టిప్పు వదలి వచ్చినచో వెనుకనే పరుగెత్తివచ్చి తిరిగి యిచ్చుటయు కలదు.

ఇక మన బిల్లు. వేయి రూపాయల భోజనమునకు సాధారణ భోజనశాలలలో నూటికి అయిదు చొప్పున జీఎస్టీ యేబది, మొత్తము 1050. దీనికి నూటికి పది సర్వీసు ఛార్జి చేర్చి, ఆ పదునొకండు వందలపై పన్ను వేసినచో 1155 అగును. పన్ను ప్రభుత్వమునకు పోవును. సర్వీసు ఛార్జి పన్ను కాదు. అది యజమాని పెట్టెలోనికి పోవును. పూర్వము "సర్వీసు టాక్సు" అను నిజమైన పన్ను ఉండి, 2017 జూలైలో జీఎస్టీలో లీనమైనది. పేరు పోలిక వలన ఇదియు సర్కారు సొమ్మే యని పెక్కుమంది నోరు మెదపక చెల్లించిరి. నగరములో నొక భోజనశాలలో ఇట్టి బిల్లు నా చేతికి వచ్చినపుడు, "ఇది నీకు చేరునా, నాయనా?" అని సర్వరు నడిగితిని. అతడు గల్లా వంక చూచి, గొంతు తగ్గించి, "నెలకొకసారి ఏదో యిస్తారు తాతా, లెక్క మాకు తెలియదు" అనెను.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకములు వెలువరించినది. సర్వీసు ఛార్జిని బిల్లులో దానంతట చేర్చరాదు. మఱొక పేరుతోను వసూలు చేయరాదు. ఈయనివానికి ప్రవేశము నిరాకరింపరాదు. దానిని కలిపి ఆ మొత్తముపై జీఎస్టీ వేయరాదు. ఆ నెలలోనే ఢిల్లీ హైకోర్టు వానిపై స్టే యిచ్చినది. ఆ సొమ్ము పనివాండ్ర మేలునకే యనియు, ధర నిర్ణయించుకొనుట తమ హక్కనియు హోటళ్ళ సంఘములు వాదించినవి. వారి వాదములో కొంత పస లేకపోలేదు. వంటవాడు, పాత్రలు తోమువాడు సాసరులోని చిల్లరను చూడనేరరు గదా. అయినను అట్లు పంచదలచినవారు ఇడ్లీ ధరలోనే దానిని చేర్చి, పలకపై వ్రాసి, జీతములు పెంచవచ్చును, ఎవ్వరును కాదనరు. 2025 మార్చి 28న హైకోర్టు మార్గదర్శకములను సమర్థించి, నిర్బంధ వసూలు చట్టవిరుద్ధ మనినది. ఇష్టపడి యిచ్చు టిప్పునకు అడ్డు లేదనినది. ఆ సంఘములు పిమ్మట అప్పీలు చేసికొన్నవి. బిల్లులో నట్టి పద్దు కనబడినచో తీసివేయుమని మర్యాదగా నడుగవచ్చును. వినకున్న 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును.

మా మల్లాపూరు టిఫిను హోటళ్ళలో సర్వీసు ఛార్జి బాధ లేదు. ఇచట చిక్కు వేఱు. వడ్డించువారిలో పొరుగు రాష్ట్రములనుండి వచ్చిన పిల్లవాండ్రు చాలమంది. 2016లో యూపీఐ వచ్చిన తరువాత క్రమముగా జనులు ఫోనుతోనే చెల్లించుట యలవాటు చేసికొనిరి. చిల్లర తిరిగి వచ్చుట లేదు, సాసరులో మిగులుట లేదు. పైగా నొక పది చేర్చి పంపినను అది యజమాని ఖాతాకే చేరును. అందువలన నేను బిల్లు ఫోనుతో చెల్లించినను పది రూపాయల నోట్లు కొన్ని వేఱుగా నుంచుకొని, లేచునపుడు వడ్డించినవాని చేతికే యిత్తును, గల్లా దగ్గఱ కాదు. కొందఱు పుచ్చుకొందురు. మొన్న నొక పిల్లవాడు, చాయి గ్లాసులు కడుగు తన జతగానిని చూపి, వానికిమ్మనెను.