చెప్పకపోతే గడువు పెరుగుతుంది: ఒక బటన్ వెనుక కథ

జాబ్ చేసే రోజుల్లో మా టీమ్ చెకౌట్ పేజీ చూసేది. చివరి బటన్ మీద "పే చేయండి" అని రాయాలా, "కంటిన్యూ" చాలా అని ఎన్ని మీటింగులో! డబ్బు మాట కనిపిస్తే కస్టమర్ ఆగిపోతాడేమోనని భయం. ఆ మాట పెట్టి తీరాలని చట్టమే చెప్పిన చోటు యూరప్. ఇవాళ ఆ కథ.

ఇది మొదలైంది ఆన్‌లైన్‌లో కాదు, ఇంటి గుమ్మం దగ్గర. ఇంటికొచ్చి అమ్మేవాళ్ల దగ్గర కొంటే కనీసం 7 రోజుల్లో వద్దనుకోవచ్చని 1985లో రూల్ తెచ్చారు. ఆ హక్కు ఉందని అమ్మేవాడే కాగితం మీద రాసివ్వాలి. ఇవ్వకపోతే ఏంటి? అది ఏ దేశానికాదేశం చూసుకోమన్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

జర్మనీలో ఒక జంట 1993లో ఫ్లాట్ కోసం 1,50,000 మార్కుల లోన్ తీసుకుంది. ఏజెంట్ పిలవకుండా ఇంటికొచ్చి ఒప్పించాడు, రద్దు హక్కు సంగతి మాకెవరూ చెప్పలేదు అంటూ 1998లో రద్దు చేసుకున్నారు. అక్కడి చట్టం చూస్తే ఏడాది దాటాక కుదరదు. కేసు యూరోపియన్ కోర్టు దాకా వెళ్లింది. హక్కు ఉందనే చెప్పనప్పుడు ఏడాది గడువు పెట్టడం చెల్లదని 2001 డిసెంబర్ 13న తీర్పొచ్చింది. నాకైతే ఈ కథలో అసలు మలుపు ఇదే. చెప్పకుండా దాచినవాడికి కాలం కలిసిరాకూడదు కదా!

దూరం నుంచి కొనేవాటికి 1997లో ఇంకో రూల్ వచ్చింది: 7 పనిదినాలు, సమాచారం ఇవ్వకపోతే 3 నెలలు. 2011 డైరెక్టివ్ దాన్ని 14 రోజులు చేసింది. ఆ హక్కు గురించి చెప్పని షాపుకి గడువు ఇంకో 12 నెలలు పెరుగుతుంది. 2014 జూన్ 13 నుంచి అమలు. జర్మనీలో చదువుకునే మనవాళ్లకీ ఇది పనికొస్తుంది. హోటల్ బుకింగ్, టికెట్ లాంటి వాటికి మాత్రం ఈ 14 రోజులు వర్తించవు.

బటన్ రూల్ కూడా అందులోదే. నొక్కితే డబ్బు కట్టాలని బటన్ మీదే స్పష్టంగా ఉండాలి, లేకపోతే కొన్నవాడు ఆ ఒప్పందానికి కట్టుబడక్కర్లేదు. ఈ రూల్ హోటల్ గదులకీ ఉంది. బుకింగ్ డాట్ కామ్‌లో నాలుగు గదులు బుక్ చేసి వెళ్లని ఒకాయన్ని హోటల్ 2,240 యూరోలు అడిగింది. 2022లో కోర్టు ఏమందంటే, చూడాల్సింది బటన్ మీది మాటలే, చుట్టూ పేజీలో ఏముందో కాదు. "బుకింగ్ పూర్తిచేయండి" అంటే మామూలు జనానికి డబ్బు కట్టడమని అర్థమవుతుందో లేదో కింది కోర్టునే తేల్చమంది.

మరి మన దగ్గర? 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం రిటర్న్, రీఫండ్ వివరాలు, ఏ దేశంలో తయారైందో చూపించాలి. ముందే టిక్ పెట్టేసిన బాక్సు సమ్మతి కింద లెక్కకు రాదు. కంప్లైంట్ అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. కానీ చెప్పకపోతే గడువు దానంతటదే పెరిగే ఏర్పాటు లేదు, మనమే కమిషన్‌కి వెళ్లాలి. 2019 చట్టం వచ్చాక అది కొంచెం తేలికైంది. కంపెనీ ఎక్కడున్నా, కరీంనగర్‌లో ఉండేవాళ్లు కరీంనగర్ జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కొన్నది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.