రిజిస్టర్డ్ నర్సు శిక్షణకు అవసరమైన సామర్థ్యాలు

రిజిస్టర్డ్ నర్సు అనగా గుర్తింపు పొందిన సంస్థలో నర్సింగ్ విద్య పూర్తిచేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్న వ్యక్తి. రోగులు వీరిని సాధారణంగా "సిస్టర్" అని, పురుషులైతే "బ్రదర్" అని పిలుస్తారు. ఈ శిక్షణలో చేరడానికి మార్కులు సరిపోతాయి కాని, దానిని పూర్తిచేసి వృత్తిలో నిలబడటానికి గణితం, పరిశీలన, భాష, శారీరక దారుఢ్యం, మనోనిబ్బరం వంటి సామర్థ్యాలు అవసరమవుతాయి.

నేపథ్యం

ఆధునిక నర్సింగ్ విద్యకు ఫ్లారెన్స్ నైటింగేల్ పేరున 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ప్రారంభమైన పాఠశాల పునాది వేసింది. ఆమె పుట్టినరోజైన మే 12ను అంతర్జాతీయ నర్సుల దినోత్సవంగా జరుపుతారు. భారతదేశంలో నర్సింగ్ పట్టభద్ర విద్య 1946లో ఢిల్లీ, వెల్లూరులలో మొదలైంది. 1947 నాటి చట్టం ద్వారా భారత నర్సింగ్ కౌన్సిల్‌కు రూపకల్పన జరిగింది. ఈ వ్యవస్థ స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్‌ను ఏర్పరచేందుకు పార్లమెంటు 2023లో కొత్త చట్టం చేసింది.

కోర్సులు, అర్హతలు

* బి.ఎస్సీ. నర్సింగ్: నాలుగేళ్ళు. ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఇంగ్లీషు చదివి ఉండాలి. భారత నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం సాధారణ వర్గానికి 45 శాతం మార్కులు, కనీసం 17 ఏళ్ళ వయసు అవసరం.
* జి.ఎన్.ఎం.: మూడేళ్ళ డిప్లొమా. ఇంటర్మీడియట్‌లో 40 శాతం మార్కులు ఉండాలి. సైన్సు చదివినవారికి ప్రాధాన్యం ఉన్నా, ఇతర గ్రూపులవారికీ అవకాశం కలదు.
* ఎ.ఎన్.ఎం.: రెండేళ్ళ కోర్సు. ఇది పూర్తిచేసినవారు ఎ.ఎన్.ఎం.గా మాత్రమే నమోదవుతారు. రిజిస్టర్డ్ నర్సు హోదా రాదు. ఈ తేడా తెలియక చేరి, తరువాత చింతించే విద్యార్థులు ఉంటారు.

తెలంగాణలో నర్సింగ్ డిగ్రీలను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ప్రదానం చేస్తాయి. చేరబోయే కళాశాలకు కౌన్సిల్ గుర్తింపు ఉన్నదీ లేనిదీ ముందే చూసుకోవాలి. గుర్తింపు లేని చోట ఎన్నేళ్ళు చదివినా పేరు నమోదు కాదు.

గణన సామర్థ్యం

నర్సుకు కావలసినది ఉన్నత గణితం కాదు. నిష్పత్తులు, ప్రమాణాల మార్పిడి తప్పు లేకుండా చేయగలగడం. ఉదాహరణకు 500 మిల్లీలీటర్ల సెలైన్‌ను 4 గంటలలో ఎక్కించాలనుకుందాం. సెట్టులో మిల్లీలీటరుకు 20 చుక్కలు పడితే మొత్తం 10,000 చుక్కలు. వాటిని 240 నిమిషాలతో భాగించగా నిమిషానికి సుమారు 42 చుక్కలు వస్తుంది. పసిపిల్లల మందులలో దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది. పొటాషియం క్లోరైడ్‌ను పలుచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. అందువలననే సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అనే ఐదు అంశాలను ప్రతిసారీ సరిచూసుకోవడం శిక్షణలో మొదటినుండి అలవాటు చేస్తారు.

పరిశీలనా శక్తి

వైద్యుడు రోగిని కొద్ది నిమిషాలే చూస్తాడు. నర్సు గంటల తరబడి దగ్గర ఉంటుంది. పెద్దవారిలో విశ్రాంతి స్థితిలో నాడి నిమిషానికి 60-100, శ్వాస 12-20 ఉండటం సాధారణం. అంకెలను నమోదు చేయడంతో పని ముగియదు. ఉదయం 16 ఉన్న శ్వాస సాయంత్రానికి 26 అయితే, రోగి "బాగానే ఉన్నాను" అన్నా వెంటనే వైద్యునికి తెలియజేయగలగాలి. పెదవుల రంగు, మాటలో తడబాటు, మూత్రం తగ్గడం వంటి చిన్న మార్పులే తరచుగా ముందస్తు హెచ్చరికలు.

భాష

బోధన, పరీక్షలు, కేస్ షీటు ఇంగ్లీషులో ఉంటాయి; రోగి మాత్రం తన భాషలోనే బాధ చెప్పుకుంటాడు. కోస్తా జిల్లాలలో "ఆయాసం" అనేదానిని తెలంగాణలో "దమ్ము వస్తున్నది" అంటారు. "కాళ్ళు గుంజుతున్నయి", "కండ్లు తిరుగుతున్నయి", "తిమ్మిరి", "పోటు", "మంట" వేర్వేరు లక్షణాలు. వీటన్నిటినీ "నొప్పి" అని రాస్తే చికిత్స దారి తప్పుతుంది.

హైదరాబాదు తూర్పు భాగంలో ఈ అవసరం మరింత ఎక్కువ. ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలలో ఇతర రాష్ట్రాలనుండి వచ్చిన కార్మికులు పనిచేస్తారు. నాచారంలో కార్మికుల కొరకు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నది. ఉప్పల్ నుండి నారపల్లి మీదుగా వరంగల్ వెళ్ళే రహదారి నిత్యం రద్దీగా ఉంటుంది. ఇటువంటి ప్రాంతంలో పనిచేసే నర్సుకు తెలుగుతో పాటు హిందీ లేక ఉర్దూ తెలిసి ఉండటం ఎంతో ఉపయోగకరం. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థులకు మొదటి సంవత్సరంలో శరీరధర్మశాస్త్ర పదజాలం కష్టమనిపించడం సహజం. అయితే రోగి మాటను సులువుగా అర్థం చేసుకోవడం వీరికున్న బలం.

శారీరక, మానసిక సామర్థ్యాలు

ఎక్కువసేపు నిలబడటం, రాత్రి విధులు, రోగులను లేపి కూర్చోబెట్టడం ఈ వృత్తిలో నిత్యకృత్యాలు. కదలలేని రోగిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. నడుము దెబ్బతినకుండా బరువెత్తే పద్ధతిని శిక్షణలో నేర్పుతారు. రక్తం, మలమూత్రాలు, మరణం చూసి మొదట్లో కలవరపడటం అనర్హత కాదు; అలవాటుతో నిబ్బరం వస్తుంది. రోగి రహస్యాలను బయట చెప్పకుండుట, చేసిన తప్పును దాచకుండా వెంటనే చెప్పుట మాత్రం మొదటి రోజునుండే ఉండవలసిన గుణాలు. దాచిన తప్పును సరిదిద్దే వ్యవధి రోగికి మిగలదు.

పరిశుభ్రత

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం సబ్బునీటితో చేతులు కడగడానికి 40-60 సెకన్లు, ఆల్కహాలు ద్రవంతో రుద్దుకోవడానికి 20-30 సెకన్లు పట్టాలి. వాడిన సూదికి తిరిగి మూత పెట్టరాదు. 2020లో మొదలైన కోవిడ్-19 మహమ్మారి ఈ నియమాల విలువను అందరికీ తెలియజేసింది.

విదేశీ అవకాశాలు

అమెరికాలో పనిచేయగోరేవారు ఎన్‌క్లెక్స్-ఆర్.ఎన్. పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. బ్రిటన్‌కు ఇంగ్లీషు, జర్మనీకి జర్మన్ భాషా ప్రావీణ్యం చూపాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ విదేశీ ఉద్యోగాల కొరకు నర్సులకు భాషా శిక్షణ ఇప్పించింది.

ఇవి కూడా చూడండి

* ఫ్లారెన్స్ నైటింగేల్
* ప్రథమ చికిత్స
* నాచారం
* నారపల్లి